బోరు మోటారు వేళకు ఆగాలి: ఆర్డునో నానో, రెండు రిలేలతో టైమర్ పెట్టె కట్టుకునే విధానం

మా స్టార్టర్ పెట్టె ఇంటికి దాదాపు కిలోమీటరు దూరం. మోటారు వేయడానికి ఒకసారి, ఆపడానికి ఒకసారి పోవాలి. తడి పెట్టే రోజుల్లో మా నాన్న రాత్రి పదకొండుకి టార్చి పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లేవారు. పాము, తేలు, తడి చేత్తో ముట్టుకునే ఇనుప పెట్టె... ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్ తీర్చడానికే ఈ పని మొదలుపెట్టాను.

నేను చేసిన మొదటి టైమర్ మోటారును చక్కగా వేసింది. నాలుగో రోజు ఆపలేదు. తెల్లారి వెళ్లేసరికి పైపు నుంచి నీళ్ల బదులు గాలి, మధ్యమధ్య ఎర్ర బురద ఉమ్ముతోంది. స్టార్ట్ అయిన క్షణంలో వోల్టేజీ కుంగి బోర్డు (ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు) హ్యాంగ్ అయింది. ఆపమనే పల్స్, అంటే క్షణకాలపు సైగ, ఇక రాలేదు. మోటారు పైకి లాగించి వైండింగ్ చేయించాల్సి వచ్చింది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం మోటారును ఆపడం గురించే ఉంటుంది. వేయడం తేలిక. బోర్డు చచ్చినా, తీగ తెగినా, గడియారం తప్పినా మోటారు ఆగిపోయేలా కట్టడమే అసలు పని.

ఇక్కడ చెప్పేది 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్, మామూలు డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా లైనుకు కలిపేది) ఉన్న వ్యవసాయ బోరుకు. 415 వోల్టుల వైరింగ్ భాగం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. బోర్డు, ప్రోగ్రామ్, పరీక్షలు మీరు చేసుకోవచ్చు.

ముందు బోరును కొలవండి

సామాను కొనకముందే ఒక రోజు బోరు దగ్గర కూర్చోండి. 200 లీటర్ల డ్రమ్ము డెలివరీ పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 72 సెకన్లు పడితే గంటకు 10,000 లీటర్లు. తర్వాత మోటారును అలాగే నడవనిచ్చి, ధార ఎప్పుడు తగ్గిందో, గాలి ఎప్పుడు మొదలైందో రాసుకోండి. వెంటనే ఆపి గంట ఆగి మళ్లీ వేయండి. ఈసారి ఎంతసేపు పోసిందో కూడా రాసుకోండి. మా బోరు 55 నిమిషాలు నిండుగా పోసి తర్వాత నీరసపడుతుంది. కాబట్టి మా లెక్క 45 నిమిషాల నడక, గంట విశ్రాంతి. మీ లెక్క మీ బోరే చెప్పాలి. పక్క పొలం లెక్క పనికిరాదు.

అప్పుడే క్లాంప్ మీటర్‌తో ఒక ఫేజు కరెంటు కూడా చూడండి. నిండుగా పోస్తున్నప్పుడు ఎంత, గాలి పీలుస్తున్నప్పుడు ఎంత. మాకు మొదటిది 7.4 ఆంపియర్లు, రెండోది 4.9. ఈ రెండు అంకెలతో తర్వాత చాలా పని ఉంది.

415 వోల్టుల చిక్కు

ఇంటర్నెట్‌లో కనిపించే నీలం రంగు చిన్న రిలే (బోర్డు సైగతో కలిసి, విడిపోయే స్విచ్) మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. 10 ఆంపియర్లు అని చూసి మోటారును నేరుగా దానికి కలిపేవాళ్లున్నారు. మోటారు నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లే తీసుకున్నా స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టు అంటుకుపోతుంది. మోటారు లోడు ఎప్పుడూ స్టార్టర్‌లోని కాంటాక్టర్ మీదే ఉండాలి. అది పెద్ద స్విచ్, దాని కాయిల్‌కు కరెంటు అందితే పట్టుకుంటుంది. రిలే చేయాల్సిందల్లా ఆ కాంటాక్టర్ కాయిల్‌కు సైగ చేయడమే.

రెండో చిక్కు చాలామందికి తట్టదు. పొలం స్టార్టర్లలో కాయిల్ సాధారణంగా రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. స్టార్ట్, స్టాప్ బటన్లలో పారేది కూడా అదే. 250 వోల్టుల రిలేను అక్కడ పెట్టడం తప్పు. కొన్నాళ్లు పని చేయొచ్చు కానీ అది దాని హద్దు దాటి చేస్తున్న పని.

మూడోది న్యూట్రల్. చాలా పొలాల్లో పెట్టె దాకా మూడు ఫేజులే వస్తాయి. ఫోన్ చార్జర్ లాంటి 5 వోల్టుల అడాప్టర్‌కు 230 ఎక్కడినుంచి తేవాలి? కొందరు ఎర్త్ రాడ్‌నే న్యూట్రల్‌గా వాడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్త్ తీగ ఎక్కడైనా వదులైతే స్టార్టర్ పెట్టె ఇనుము మొత్తం షాక్ కొడుతుంది.

రెండో, మూడో చిక్కులకు ఒకటే మందు: 415 నుంచి 230 వోల్టులకు దించే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్, 100 వీఏది. ప్యానెల్ బోర్డు సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. ప్రైమరీకి రెండు ఫేజులు, 2 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ గుండా, కాంటాక్టర్‌కు ముందు నుంచి తీసుకోవాలి. సెకండరీలో వచ్చే 230 మీద అడాప్టర్ పని చేస్తుంది, బటన్లు పని చేస్తాయి, రిలే తన హద్దులో ఉంటుంది. దీనికి తగ్గట్టు స్టార్టర్‌లోని కాయిల్‌ను 230 వోల్టులదిగా మార్పించాలి. అదే కాంటాక్టర్ మోడల్‌కు సరిపోయే కాయిల్ విడిగా అమ్ముతారు.

ఒక తేడా గుర్తుంచుకోండి. పొలం స్టార్టర్ కాయిల్స్‌ను లో వోల్టేజీలో కూడా పట్టేలా చేస్తారు. మామూలు 230 కాయిల్ 85 శాతం వోల్టేజీ దాకా పట్టుకుంటుందని హామీ ఉంటుంది, అంటే లైన్లో సుమారు 350 ఉండాలి. అంతకంటే తగ్గినప్పుడు మోటారు వేయకపోవడమే దానికి మంచిదని నా అభిప్రాయం.

సామాను

ఆర్డునో నానో ఒకటి. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి. రెండు రిలేల మాడ్యూల్, 5 వోల్టులది. కరెంటు కొలవడానికి ఎస్‌సీటీ-013-030 అనే, తీగ చుట్టూ బిగించే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్), ఇది 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇస్తుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల మంచి అడాప్టర్. 10 కిలో ఓమ్ రెసిస్టర్లు నాలుగు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. ఆటో–ఆఫ్–మాన్యువల్ అనే మూడు స్థానాల రోటరీ స్విచ్. కాయిల్ మీద వేయడానికి 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్. ఒక ఎర్ర ఎల్ఈడీ, బజర్. రబ్బరు గ్యాస్కెట్, కేబుల్ గ్లాండ్లు ఉన్న ప్లాస్టిక్ పెట్టె. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకపోతే అది కూడా తప్పకుండా కొనండి. ఒక ఫేజు పోయి రెండు ఫేజుల మీద మూలిగే మోటారును ఓవర్‌లోడ్ రిలే కంటే ముందే ఆపేది అదే.

గడియారం విషయంలో డీఎస్1307కి పోకండి. వేడి మారితే అది తప్పుతూ ఉంటుంది. డీఎస్3231 లోపల ఉష్ణోగ్రతను కొలుచుకుని సరిచేసుకుంటుంది, ఏడాదికి ఒకటి రెండు నిమిషాల తేడా మించదు. ఒక జాగ్రత్త: మార్కెట్లో ఎక్కువగా దొరికే నీలం మాడ్యూల్‌లో బ్యాటరీకి చార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 వేస్తే చార్జ్ కాని బ్యాటరీని చార్జ్ చేస్తూ ఉబ్బిస్తుంది. బ్యాటరీకి దారితీసే ఆ చిన్న డయోడ్‌ను గాని, దాని పక్కనున్న రెసిస్టర్‌ను గాని కాల్చి తీసేయండి. లేదా చార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 వాడండి.

బోర్డు వైరింగ్

5 వోల్టులను నానో విన్ పిన్‌కు కాకుండా 5వీ పిన్‌కే ఇవ్వండి. గడియారం డేటా తీగ ఎ4కు, క్లాక్ తీగ ఎ5కు. రిలేలు డి7, డి8. ఎల్ఈడీ డి5, బజర్ డి6. సీటీ ఎ0కు వెళ్తుంది కానీ నేరుగా కాదు. సీటీ ఇచ్చేది ఏసీ, నానో మైనస్ వోల్టులు చదవలేదు. రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో 5 వోల్టులను సగం చేసి, ఆ 2.5 వోల్టుల బిందువుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టి, సీటీ ఒక తీగ అక్కడ, రెండోది ఎ0లో పెట్టండి. 7.4 ఆంపియర్లకు సుమారు 0.25 వోల్టులు వస్తాయి. అది నానో కొలతలో 50 మెట్లు. మన పనికి చాలు.

సీటీలో ఒక ఫేజు తీగనే దూర్చాలి. మూడు తీగలూ కలిపి దూరిస్తే కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది.

ఈ రిలే మాడ్యూళ్లు చాలావరకు తిరగేసి పని చేస్తాయి. పిన్ 'లో' (సున్నా వోల్టులు) అయితే రిలే పట్టుకుంటుంది, 'హై' (5 వోల్టులు) అయితే వదులుతుంది. బోర్డు లేచే క్షణంలో పిన్ ఎటూ కాకుండా ఉంటుంది కాబట్టి డి7, డి8 రెండింటికీ 10 కిలో ఓమ్ పుల్అప్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) పెట్టండి. ప్రోగ్రామ్‌లో కూడా ముందు పిన్‌కు హై రాసి, ఆ తర్వాతే దాన్ని అవుట్‌పుట్‌గా మార్చండి. ఈ వరుస తప్పితే కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఒకసారి టక్ మంటుంది. మోటారు దానంతటదే లేస్తుంది.

స్టార్టర్‌లో రెండు రిలేల చోటు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

230 సర్క్యూట్ ఇలా పోవాలి: ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ ఒక కొస నుంచి ఫ్యూజు, ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు, ప్రివెంటర్ కాంటాక్టు, ఎర్ర స్టాప్ బటన్. అక్కడి నుంచి రోటరీ స్విచ్. మాన్యువల్‌లో పెడితే దారి నేరుగా ముందుకు పోతుంది. ఆటోలో పెడితే మొదటి రిలే గుండా పోతుంది. దీన్ని అనుమతి రిలే అందాం. ఆ తర్వాత ఆకుపచ్చ స్టార్ట్ బటన్, దానికి సమాంతరంగా ఆక్సిలరీ కాంటాక్టు (కాంటాక్టర్ పట్టగానే కలిసి, బటన్ వదిలినా దాన్ని పట్టి ఉంచేది), వాటికి సమాంతరంగా రెండో రిలే, అంటే స్టార్ట్ రిలే. చివరికి కాయిల్, అక్కడి నుంచి సెకండరీ రెండో కొస.

రెండు రిలేల్లోనూ కామన్, ఎన్ఓ (రిలే పట్టినప్పుడే కలిసేది) టెర్మినళ్లే వాడాలి. అనుమతి రిలే మోటారు నడవాల్సినంతసేపూ పట్టి ఉంటుంది. స్టార్ట్ రిలే 2 సెకన్లు పట్టి వదిలేస్తుంది, వేలితో బటన్ నొక్కినట్టు.

నా మొదటి పెట్టెలో ఆపడానికి ఎన్‌సీ (రిలే పట్టినప్పుడు విడిపోయేది) టెర్మినల్ వాడాను. రిలే పట్టుకుంటేనే మోటారు ఆగుతుంది. అంటే ఆగాలంటే బోర్డు బతికి ఉండాలి. ఇప్పుడు తిరగేశాం. నడవాలంటే బోర్డు బతికి ఉండాలి. అడాప్టర్ కాలినా, తీగ ఊడినా, బోర్డు రీసెట్ అయినా అనుమతి పోతుంది, మోటారు ఆగుతుంది.

ఒక్క రిలే చాలదా అంటే చాలదు. ఒకే రిలేతో కాయిల్‌ను పట్టి ఉంచితే, ప్రివెంటర్ ఒక క్షణం వదిలి మళ్లీ పట్టినా మోటారు కూడా వెంటనే లేస్తుంది. పైపులో నీళ్లు కిందికి జారుతూ పంపును వెనక్కి తిప్పుతున్నప్పుడు ముందుకు స్టార్ట్ చేస్తే షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. రెండు రిలేలుంటే కాంటాక్టర్ ఒకసారి వదిలాక కొత్త పల్స్ లేకుండా మళ్లీ పట్టదు. ఆ పల్స్ ఎప్పుడివ్వాలో మన ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది.

స్నబ్బర్‌ను కాయిల్ రెండు కొసల మీదే బిగించండి. కాయిల్ వదిలేటప్పుడు పుట్టే స్పార్కు నానోను కంగారు పెట్టకుండా అది మింగుతుంది. 5 వోల్టుల తీగలు, 230 తీగలు ఒకే కట్టలో కట్టొద్దు.

ప్రోగ్రామ్ ఏం చేయాలి

కోడ్ ఎవరి చేతివాటం వాళ్లది. లెక్క మాత్రం ఇది. మోటారుకు ఐదు స్థితులు పెట్టుకోండి: ఎదురుచూపు, స్టార్ట్, నడక, విశ్రాంతి, తప్పు. ఒక్కో స్థితి నుంచి ఎక్కడికి పోవచ్చో ముందు కాగితం మీద గీసుకుని తర్వాత రాయండి.

కరెంటు రాగానే మోటారు వేయొద్దు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను ప్రభుత్వం పదే పదే కోరింది. దానికి కారణం ఉంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు. దాని మీదున్న నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు ఒకే క్షణంలో లేస్తే అవి లాగేది 160 ఆంపియర్ల పైనే. వోల్టేజీ కుంగి ఏదీ సరిగ్గా తిరగదు, అన్నీ వేడెక్కుతాయి. మన టైమర్ కూడా అదే తప్పు చేస్తే అది ఇంకో ఆటో స్టార్టరే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న వాళ్లతో మాట్లాడుకుని ఒకరు 2 నిమిషాలు, ఒకరు 4, ఒకరు 6 అని ఆలస్యం పంచుకోండి. మాది 6.

ఆలస్యం గడిచాక గడియారం చూడాలి. డీఎస్3231లో బ్యాటరీ పోయి టైమ్ ఆగిపోయిందని చెప్పే ఒక గుర్తు బిట్ ఉంటుంది. అది లేచి ఉంటే టైమ్‌ను నమ్మకుండా నేరుగా తప్పు స్థితికి పోయి ఎర్ర లైటు వెలిగించాలి.

టైమ్ సరైందే, నడవాల్సిన వేళే అయితే అనుమతి ఇచ్చి, ఒక సెకను ఆగి, స్టార్ట్ పల్స్. 5 సెకన్లలో సీటీ 3 ఆంపియర్లకు పైన చూపాలి. చూపకపోతే అనుమతి తీసేసి 5 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నం. మూడుసార్లూ విఫలమైతే తప్పు స్థితి. ఏ కారణంతో ఆగినా మళ్లీ స్టార్ట్ చేయడానికి కనీసం 5 నిమిషాల ఎడం ఉండాలి.

నడుస్తున్నప్పుడు ప్రతి సెకనూ కరెంటు చూడాలి. స్టార్ట్ అయిన మొదటి అర నిమిషం వదిలేయండి, పైపు నిండుతూ ఉంటుంది. ఆ తర్వాత మీరు కొలుచుకున్న రెండు అంకెలకు మధ్య అంకె కంటే (మాకు 6 ఆంపియర్లు) వరుసగా 10 సెకన్లు తగ్గితే బోరులో నీళ్లు అందడం లేదని అర్థం. ఆపి విశ్రాంతికి పంపాలి. రోజులో మూడుసార్లు ఇలా జరిగితే ఆ రోజుకు ఆపేయాలి.

ఆపమన్న 3 సెకన్ల తర్వాత కూడా కరెంటు కనిపిస్తే కాంటాక్టర్ అంటుకుపోయిందన్నమాట. అప్పుడు ఏ రిలే ఏమీ చేయలేదు. బజర్ మోగించడమే దారి. మనిషి వెళ్లి మెయిన్ ఆపాలి.

ఇక వేళల సంగతి. రోజంతా కరెంటు ఉండే చోట గడియారం ప్రకారం పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోలాగ పగలు 9 గంటల సరఫరా ఉండి, మధ్యలో కోతలు పడే చోట 'ఆరింటికి వేయి, ఎనిమిదింటికి ఆపు' అన్న లెక్క పనికిరాదు. ఆ రెండు గంటల్లో కరెంటు పోతే తడి ఎండిపోతుంది. అక్కడ 'ఈ రోజు మొత్తం 180 నిమిషాలు నడవాలి' అని పెట్టి, నడిచిన నిమిషాలే లెక్కపెట్టాలి. కరెంటు పోయినా ఆ లెక్క గుర్తుండాలంటే ప్రతి 5 నిమిషాలకు దాన్ని రాసిపెట్టాలి. నానో లోపలి ఈప్రామ్ (కరెంటు పోయినా గుర్తుంచుకునే మెమరీ) లక్షసార్ల రాతకే హామీ ఇస్తుంది. రోజంతా రాస్తే ఏడాదిలో అయిపోతుంది. గడియారం మాడ్యూల్ మీదే ఎటీ24సీ32 అనే చిప్ ఉంటుంది, దానికి 10 లక్షల రాతలు. అక్కడ రాయండి.

ఇక హ్యాంగ్ సంగతి. హ్యాంగ్ అయిన బోర్డు పిన్నులను ఉన్నచోటే పట్టుకుని కూర్చుంటుంది, అంటే అనుమతి రిలే పట్టే ఉంటుంది. అందుకే వాచ్‌డాగ్, అంటే చిప్‌లోని కాపలా టైమర్, తప్పనిసరి. 8 సెకన్లు పెట్టండి. ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుంటే బోర్డు రీసెట్ అవుతుంది, పుల్అప్ రిలేను వదిలిస్తుంది. పాత బూట్‌లోడర్ (ప్రోగ్రామ్ ఎక్కించుకునే లోపలి చిన్న సాఫ్ట్‌వేర్) ఉన్న నానోలు మాత్రం వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూనే ఉంటాయి. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ దగ్గర 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకుంటేనే అప్‌లోడ్ అవుతుందంటే మీది అదే. ముందు కొత్తది ఎక్కించుకోండి.

టైమ్ లెక్కకు ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచే 'డిలే' వాడకండి, బోర్డు లేచినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టే 'మిల్లీస్' వాడండి. ఆ లెక్క సుమారు 49.7 రోజులకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 'ఇప్పటి విలువలోంచి మొదలైన విలువ తీసేస్తే ఎంత' అని రాస్తే ఏ ఇబ్బందీ లేదు. 'ఫలానా విలువ దాటిందా' అని రాస్తే ఆ రోజు మోటారు ఆగకపోవచ్చు.

పరీక్షలు, ఇదే వరుసలో

మొదట ఇంట్లో టేబుల్ మీద, 5 వోల్టులతోనే. ఇక్కడ మోటారు లేదు కాబట్టి కరెంటు చూసే భాగాన్ని అప్పటికి ఆపి (పొలానికి వెళ్లేముందు మళ్లీ పెట్టాలి), 45 నిమిషాలను 45 సెకన్లుగా మార్చి రోజంతా నడవనివ్వండి. మధ్యలో అడాప్టర్ పీకండి, గడియారం తీగ పీకండి, రీసెట్ నొక్కండి. వాచ్‌డాగ్ పని చేస్తోందో లేదో చూడటానికి ప్రోగ్రామ్‌లో కావాలనే ఒక అంతులేని లూప్ పెట్టి చూడండి. ప్రతిసారీ అనుమతి రిలే వదిలిందా? వదలకపోతే పొలానికి తీసుకెళ్లొద్దు.

తర్వాత పొలంలో. ఫ్యూజులు పీకి మీ జేబులో పెట్టుకోండి. మూడు ఫేజుల మీదా మల్టీమీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. టెస్టర్ వెలగలేదని నమ్మొద్దు. మోటారుకు పోయే మూడు తీగలు విప్పి టేపు చుట్టి పక్కన పెట్టండి. ఇప్పుడు ఫ్యూజులు వేసి, మోటారు లేకుండా కాంటాక్టర్ ఒక్కటే పట్టడం, వదలడం చూడండి. కరెంటు రాలేదు కాబట్టి బోర్డు 5 సెకన్లకే అనుమతి తీసేయాలి. ఈ పరీక్షలో చూడాల్సింది అదే. ఎర్ర బటన్ ఆటోలోనూ మాన్యువల్‌లోనూ ఆపుతోందా, ఓవర్‌లోడ్ టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందా చూడండి.

ఇవన్నీ అయ్యాకే మళ్లీ ఫ్యూజులు తీసి మోటారు కలపండి. మొదటి వారం మొత్తం మోటారు లేచేటప్పుడూ ఆగేటప్పుడూ మనిషి దగ్గరుండాలి.

పెట్టెలో పెట్టాక

గ్లాండ్లలో ఖాళీ సందు ఉంటే చీమలు దూరతాయి. నీలం రిలే పక్కన వెచ్చగా ఉంటుందని గూడు పెడతాయి. బల్లి రెండు టెర్మినళ్ల మీద పడితే ఫ్యూజు పోతుంది. ప్రతి కన్నం మూసేయండి. స్టార్టర్‌కు ఎండ తగలని పక్క బిగించండి.

మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. కరెంటు ఆలస్యం ఎన్ని నిమిషాలు, నడక ఎంత, విశ్రాంతి ఎంత, డ్రై రన్ అంకె (నీళ్లు అందడం లేదని చెప్పే ఆంపియర్లు) ఎంత, ఎర్ర లైటు ఎన్నిసార్లు మినుకుమంటే ఏ తప్పు. మాన్యువల్‌లో ఎలా వేయాలో పెద్ద అక్షరాలతో రాయండి. మీరు ఊళ్లో లేని రోజు ఆ పెట్టె తెరిచేది మీ నాన్నో అమ్మో. చైత్ర వైశాఖాల్లో నీటిమట్టం దిగాక డ్రమ్ము, క్లాంప్ మీటర్ పట్టుకుని మళ్లీ వెళ్లి, ఆ కాగితం మీది అంకెలు కొట్టేసి కొత్తవి రాయండి.